భద్రు కరెంటు – పద్నాలుగో వారం: రిజిస్టర్‌లో రాసిన పేరు

పోయిన వారం సంగీతను ఇప్పచెలక సబ్‌స్టేషన్ మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. గేటు ముందు నల్ల కారు ఆగింది, అందులోంచి ఆమె మేనమామ భద్రు దిగాడు, అక్కడ కథ ఆగింది. ఈ ఏడు రోజులూ నన్ను తిట్టుకున్నవాళ్లు ఉంటే తిట్టుకోండి. కొత్తగా వచ్చినవాళ్ల కోసం మాత్రం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

భద్రు జూలూరుపాడు అవతల ఏనుగుబండ తండాలో పుట్టాడు. ముదిగొండలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకున్నాడు. కుసుమంచి పొలాల్లో కూలికి స్తంభాలు పాతాడు. ఇప్పుడు యాభై రెండేళ్ల వయసులో, భద్రాచలం అడవి అంచున మూడు మండలాలకు కరెంటూ తాగునీళ్లూ ఇచ్చే, తండా దేవత మేరమ్మ పేరు పెట్టుకున్న కంపెనీకి యజమాని. ఆ మూడు మండలాల్లో కరెంటు పోతే కరెంటు పోయిందని ఎవరూ అనరు. "భద్రు పోయిండు" అంటారు. ఆ మాట ఆయన చెవిన పడితే తనే ముందు నవ్వేవాడు. ఈ పదకొండు రోజులుగా మాత్రం ఆయన ముఖంలో నవ్వు లేదు.

పదకొండు రోజుల కిందట శివకుమార్ అనే లైన్‌మన్ టేకు చెట్ల మధ్య స్తంభం మీద కరెంటు తగిలి చనిపోయాడు. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు వైర్‌లెస్ సెట్లో చెప్పి కరెంటు ఆపించుకోవాలి. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు. పని అయ్యాక, కిందకు దిగి, తీసుకున్నవాడే తన నోటితో 'ఇక లైన్ ఇవ్వండి' అని చెప్పాలి. ఇంకొకరు చెబితే చెల్లదు. శివకుమారే అలా చెప్పి, తర్వాత తొందరపడి మళ్లీ ఎక్కాడని కంపెనీ అంటోంది. రిజిస్టర్‌లోనూ అలాగే ఉంది. ఆ రిజిస్టర్ రాసిన ఆపరేటర్ సంగీత. ఇవాళ పదకొండు గంటలకు సబ్‌స్టేషన్‌లోనే విచారణ. భద్రు వచ్చేసరికి తొమ్మిది దాటింది.

"చాయ్ తాగినవా బిడ్డా?" అన్నాడు లోపలికి వస్తూనే.

సంగీత కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని గోడకున్న మీటర్లను ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు. ఎంత పెద్దవాడైనా కంట్రోల్ రూమ్‌లో అడుగుపెడితే ముందు మీటర్లే చూస్తాడు. ఆ అలవాటంటే సంగీతకు చిన్నప్పటి నుంచి గౌరవం. ఇవాళ మాత్రం ఒళ్లు మండింది.

"మూడో ఫీడర్ల లోడ్ ఎక్కువున్నది," అన్నాడు.

"లోడ్ సంగతి నేను చూసుకుంట మామా. నువ్వొచ్చిన పని చెప్పు."

భద్రు చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. టైపు చేసిన వాంగ్మూలం. పది గంటల యాభై రెండు నిమిషాలకు శివకుమార్ సెట్లో మాట్లాడాడని, లైన్ ఇమ్మన్నాడని, ఆ గొంతును తాను స్పష్టంగా గుర్తుపట్టానని సంగీత చెబుతున్నట్టు రాసి ఉంది. కింద సంతకానికి జాగా వదిలారు.

ఆమె రెండుసార్లు చదివింది.

"గొంతు గుర్తువట్టిన మాట నిజమే," అంది. "ఎవరి గొంతో నాకు ఎర్కే, నీకు ఎర్కే."

బయట ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటోంది. ఆ మోతకు అలవాటు పడినవాళ్లకు అది వినబడదు. ఆ నిమిషంలో ఇద్దరికీ వినబడింది.

ఆ రోజు జరిగింది సంగీత ఎవరికీ చెప్పలేదు, మనకు మాత్రం తెలియాలి. అడవిలో ఫోన్లకు సిగ్నల్ ఉండదు కనుక కంపెనీ అందరికీ సెట్లు ఇచ్చింది. భద్రు కారులోనూ ఒకటుంది. సెట్లో మాటలు ఎక్కడా రికార్డు కావు, ఎవరు మాట్లాడారో గొంతు పట్టి తెలుసుకోవాల్సిందే. తొమ్మిదీ నలభైకి శివకుమార్ అడవిలోంచి పోయే మూడో లైను, అంటే మూడో ఫీడర్ మీద లైన్ క్లియర్ తీసుకున్నాడు. చెట్టు కొమ్మ పడి తెగిన తీగ కట్టాలి. పది యాభై రెండుకు సెట్ పలికింది. "సంగీ, మూడో ఫీడర్ ఇచ్చెయ్యి. అందరు దిగిండ్రు. జల్దీ."

అది మామ గొంతు. ఆమె చెయ్యి స్విచ్ దగ్గర ఒక్క క్షణం ఆగింది. శివన్న ఏడీ అని ఒక్క మాట అడగాలనిపించింది. అడగలేదు. మామ చెప్పాడు కదా అనుకుంది. లైన్ ఇచ్చింది. రిజిస్టర్‌లో లైన్ క్లియర్ ఎవరు తీసుకున్నారో వాళ్ల పేరే వాపసు గడిలోనూ ఉండాలి కనుక శివకుమార్ అని రాసింది. రాసి, ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకుంది. ఆ రోజు నుంచి ఆమె చాయ్ ముట్టలేదు.

"నన్ను ఖూనీకోరు అనుకుంటున్నవా?" అన్నాడు భద్రు.

"అనుకుంటున్న. గా రోజు నీళ్ల ప్లాంట్ తెరుస్తున్నరు. హైదరాబాద్ కెల్లి పెద్దలొస్తున్నరు. మూడో ఫీడర్ మీది మోటార్లు తిరగకపోతే నీ పరువు పోతది. మనిషి పైనున్నడని తెలిసి గూడ లైన్ ఇయ్యమన్నవ్."

"లేదు!" భద్రు చేత్తో బల్లను గట్టిగా చరిచాడు. వెంటనే ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మేరమ్మ తోడు బిడ్డా, పైన ఎవ్వరు లేరనుకున్న. నా కండ్లతోటి చూసిన. స్తంభం కింద చెప్పులు లేవు."

సంగీత చూపు ఆయన ముఖం మీద నిలిచిపోయింది. ఈ మాట ఆమె ఎదురుచూడలేదు.

చెప్పుల సంగతి లైన్ పనివాళ్లకు తప్ప బయటివాళ్లకు తెలియదు. వాళ్లు ఉత్త కాళ్లతో స్తంభం ఎక్కేవాళ్లు. ఎక్కేవాడు తన చెప్పులు స్తంభం మొదట్లో, ముందుభాగం స్తంభం వైపు తిప్పి, జతగా పెట్టాలి. కింద ఎన్ని జతలుంటే పైన అంతమంది ఉన్నట్టు. చెప్పులు ఉన్నంతసేపు ఏ అధికారి వచ్చి అడిగినా, మేస్త్రీ అరిచినా ఎవరూ సెట్ ముట్టకూడదు. ఒకరి చెప్పులు ఇంకొకరు కదిలిస్తే ఆ రోజే పనిలోంచి తీసేసేవాళ్లు. ఈ కట్టుబాటు పెట్టింది భద్రే. పెట్టాక పంతొమ్మిదేళ్లలో మేరమ్మ స్తంభం మీద ఒక్క ప్రాణం పోలేదు. దీని గురించి పెద్ద కంపెనీలవాళ్లు వచ్చి అడిగి మరీ రాసుకుపోయారు.

"రెండు నెలల కింద నువ్వే అందరికి బూట్లిచ్చినవ్ గద మామా," అంది సంగీత మెల్లగా.

"అవ్."

"చెప్పులతోటి కనబడితే సస్పెండ్ అన్నవ్."

"అవ్ బిడ్డా. సేఫ్టీ ఆడిట్ సార్లు చెప్పిండ్రు. మన పోరగాళ్లకు మంచిదే గద అని నేనే దగ్గరుండి కొనిచ్చిన." భద్రు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "శివ బూట్లతోటే ఎక్కిండు. కింద ఏముంటయి? నా పాత కండ్లు చెప్పుల కోసం ఎతికినయి. బూట్లిచ్చినోన్ని నేనే, మర్చిపోయినోన్ని నేనే."

సంగీతకు ఏడుపు వచ్చింది. ఈ పదకొండు రోజులు ఆమె మోసినది మామ మీద కోపం. అది ఇప్పుడు ఎక్కడ దించాలో తెలియలేదు. కావాలని చంపిన మనిషిని అసహ్యించుకోవడం తేలిక. తన మనుషులు బతకాలని పెట్టిన కట్టుబాటును నమ్మి, తన మనుషుల మంచి కోసం ఇచ్చిన బూట్ల వల్ల మోసపోయిన మనిషిని ఏం చెయ్యాలి?

అప్పుడు ఆమెకు ఒక అనుమానం వచ్చింది.

"గా స్తంభం రోడ్డుకు ముప్పై అడుగుల లోపలున్నది. దగ్గరికి పోయి తలెత్తితే మనిషి కనబడడా?"

భద్రు మళ్లీ మీటర్ల వైపు తిరిగాడు.

"మామా, కారు దిగినవా?"

"దిగలే," అన్నాడు. "అద్దం దించి చూసిన. మొదలు కనబడ్డది, పైన అంత టేకు ఆకే. పెద్దలు ఏన్కూరు దాటిండ్రని అప్పుడే కబురొచ్చింది."

"శివన్నను సెట్ల పిలిచినవా?"

"పైకెక్కినోడు సెట్ బంద్ పెడ్తడు, బ్యాటరీ కోసం. నీకు తెల్వదా? పిలిచి ఏం లాభమనుకున్న."

"పూల్‌సింగ్ కాక ఏడీ అని అడిగినవా?"

పూల్‌సింగ్ ఆ రోజు శివకుమార్‌కు జోడీ. భద్రుతో పాటు మొదటి రోజుల్లో స్తంభాలు మోసిన ముసలి లైన్‌మన్. తీగ చాలకపోతే తేవడానికి బండి మీద జూలూరుపాడు పోయాడు. తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. జోడీని వదిలి పోయాడని కంపెనీ అతన్ని సస్పెండ్ చేసింది.

"అడగలే," అన్నాడు భద్రు.

"ఎన్నేండ్లయింది మామా, నువ్వు స్తంభం కాడికి నడిచిపోయి?"

కారు అద్దాల వెనక కూర్చున్నప్పటి నుంచి భద్రు పాడైపోయాడని తండాలో కొందరు అంటారు. నేను అంత మాట అనను. కానీ ఆ ముప్పై అడుగులు నడిచి ఉంటే శివకుమార్ ఇవాళ డ్యూటీలో ఉండేవాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

సంగీత కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

"మా బాపు సచ్చినప్పుడు గిట్లనే రాసిండ్రు గద?"

ఆమె తండ్రి సోమ్లా కూడా లైన్ మీదే పోయాడు. అప్పుడు సంగీతకు ఆరేళ్లు. ఎవరో తెలియక లైన్ ఇచ్చారు. అప్పటి అధికారులు మాత్రం సోమ్లా అడక్కుండా ఎక్కాడని రాసుకున్నారు. సంగీత తల్లి పూలి బోరింగు దగ్గరకు నీళ్లకు పోతే ఆడవాళ్లు జాలిగానే అనేవాళ్లు, "నీ మొగడు గంత తొందరెందుకు పడ్డడే" అని. ఆ జాలి వినలేక పూలి అర మైలు దూరం పోయి వాగు నీళ్లు తెచ్చుకునేది. అప్పుడు ఆమె తమ్ముడు భద్రు, ముప్పై మూడేళ్ల కాంట్రాక్టు కూలీ, నలభై మందిని వెంటబెట్టుకుని కరెంటు ఆఫీసు ముందు పదిహేడు రోజులు కూర్చున్నాడు. పద్దెనిమిదో రోజు ఆపరేటర్ బయటకు వచ్చి నిజం చెప్పాడు. సోమ్లా పేరు మీద మచ్చ పోయింది. కూలీలు భద్రును నాయకుణ్ని చేసుకున్నారు, వాళ్లను చూసి మొదటి కాంట్రాక్టు వచ్చింది, దాని మీద మేరమ్మ కంపెనీ లేచింది. చెప్పుల కట్టుబాటు కూడా ఆ ఏడే పెట్టాడు.

"గప్పుడు నువ్వు కూర్చోకపోతే మా అవ్వ ఏమైపోయేదో," అంది సంగీత. "ఇప్పుడు శోభక్క నీళ్లకు యాడికి పోవాలె మామా?"

శోభారాణి శివకుమార్ భార్య. భద్రు కుర్చీలో కూలబడ్డాడు. రెండు అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆయన ఏడవడం సంగీత అంతకుముందు ఒక్కసారే చూసింది, తండ్రి దహనం నాడు.

"నేను జైలుకు పోత. పోనీ," అన్నాడు. "కంపెనీ మూతవడుతది. పన్నెండు వందల మంది రోడ్డు మీద పడ్తరు. నువ్వు గూడ పోతవ్ బిడ్డా. రిజిస్టర్ల రాసింది నువ్వు. నీకు చదువు చెప్పిచ్చి ఈ కుర్చీల కూర్చోబెట్టింది జైలుకు పంపనీకా?"

అది బెదిరింపో భయమో ఆమెకు అర్థం కాలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

"పోత," అంది. "తప్పు చేసిన గద."

భద్రు బల్ల మీది కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"నేనే చెప్త," అన్నాడు. "పొరపాటు నాదని నేనే ఒప్పుకుంట. నువ్వు నోరు మెదపకు. నీ పేరు రానియ్య."

సంగీత లేచి కుండలోంచి నీళ్లు ముంచి గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగాడు. పదకొండు రోజుల తర్వాత ఆమెకు కడుపులో ఆకలి తెలిసింది. మామ మళ్లీ పాత మామ అయ్యాడని నమ్మింది. నమ్మినందుకు ఆమెను తప్పుపట్టకండి, తండ్రి పోయాక ఆమెకు తండ్రి ఆయనే.

పదకొండింటికి వరండాలో విచారణ మొదలైంది. సర్కారు తనిఖీ అధికారి రవికుమార్ బల్ల వెనక కూర్చున్నాడు, తక్కువ మాట్లాడి ఎక్కువ రాసుకునే మనిషి. ఎదురుగా బెంచీ మీద శివకుమార్ తల్లి గురవమ్మ, పక్కన శోభారాణి. ఇటు కుర్చీలో భద్రు, గోడకు ఆనుకుని సంగీత. కంచె అవతల నలభై మంది దాకా లైన్‌మెన్ నిలబడి ఉన్నారు. పూల్‌సింగ్ అందరికంటే వెనక, సస్పెండైన మనిషి కనుక యూనిఫాం లేకుండా నిలబడ్డాడు.

రవికుమార్ ముందు గురవమ్మనే అడిగాడు. "మీరేమైనా చెప్పుకోవాలా అమ్మా?"

గురవమ్మ లేచి నిలబడింది. "నాకు చెప్పరాదు సారూ. ఒక్కటే అడుగుత. మా ఆయన మొండయ్య ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గుబావిల పనిచేసిండు. బావిల దిగేటప్పుడు తన నంబరు బిళ్ల ఇచ్చి దిగేది, ఎక్కినంక బిళ్ల తీసుకునేది. ఒక్కపూట గూడ తప్పలే. పిల్లగాన్ని గట్లనే పెంచిండు. నా కొడుకు అడగకుంట ఎక్కిండంటే ఆయన అన్నం ముడ్తలేడు. పైసలొద్దు, ఏమొద్దు. నా కొడుకు తప్పు చేసిండా లేదా, గంతే చెప్పుండ్రి."

శోభారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. రవికుమార్ కలం పక్కన పెట్టి భద్రు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఆ రోజు లైన్ ఇమ్మని చెప్పింది ఎవరు?"

భద్రు లేచాడు. గురవమ్మ ముఖంలోకి చూశాడు. తర్వాత ఆయన చూపు కంచె మీదుగా పోయింది. అన్నా అని పిలిచే నలభై మంది అక్కడ ఉన్నారు. పండగకు బట్టలు పెట్టినవాడు, పిల్లల ఫీజులు కట్టినవాడు, కారాపి పేరుపెట్టి పలకరించేవాడు ఏం చెబుతాడా అని చూస్తున్నారు. ఆయన చెయ్యి జేబులోని కాగితం మీదికి పోయింది.

"రిజిస్టర్ల ఏమున్నదో గదే సార్," అన్నాడు. "శివకుమార్ అనే ఉన్నది."

కూర్చున్నాడు.

ఇది ఆయన ముందే అనుకుని వచ్చాడా, లేక ఆ నలభై ముఖాలు చూశాక ధైర్యం చాలలేదా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది. అయితే గురవమ్మకు ఆ తేడాతో పనేముంది?

ఆమె వాదించలేదు. తల ఊపింది. "అయితే నా కొడుకే చేసిండన్నట్టు," అంది. కోడలి భుజం తట్టింది. "లే బిడ్డా, పోదాం. ఇంటి కాడ మీ మామకు చెప్పాలె గద."

అత్తాకోడళ్లు మెట్ల వైపు కదిలారు. సంగీత మామ వైపు చూసింది. ఆయన తన చేతులు చూసుకుంటున్నాడు. ఇప్పుడైనా లేస్తాడని ఆమె చూసింది. గురవమ్మ మొదటి మెట్టు దిగింది. ఆయన లేవలేదు. గురవమ్మ రెండో మెట్టు మీద కాలు పెట్టింది.

"ఆగు పెద్దమ్మా."

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. సంగీత గోడ వదిలి బల్ల దగ్గరకు వచ్చింది. బల్ల అంచు పట్టుకుంది.

"సార్, ముందు నా తప్పు రాసుకోండి. శివన్న పేరు ఆ రిజిస్టర్ల రాసింది నేను. శివన్న గా రోజు లైన్ ఇయ్యమని అనలే. సెట్ల మాట్లాడింది వేరేటోళ్లు. గొంతు గుర్తువట్టి గూడ, అడగకుంట లైన్ ఇచ్చిన. శివన్న పైన్నే ఉన్నడు."

శోభారాణి మెట్టు మీదే కూలబడిపోయింది. రవికుమార్ రాయడం ఆపాడు.

"ఇది చెబితే నీ మీద కేసు అవుతుంది. తెలుసా అమ్మా?"

"తెలుసు సార్."

"ఎవరి గొంతు?"

"బిడ్డా," అన్నాడు భద్రు. అందులో కోపం లేదు. బతిమాలుతున్నాడు. తండ్రి లేని పిల్లను భుజం మీద ఎత్తుకుని తండా నుంచి బడిదాకా మోసిన మనిషి బతిమాలుతుంటే ఆమె కళ్లు మూసుకుంది.

"మా మామది సార్," అంది. "భద్రుది."

కంచె అవతల గుంపు మధ్యలో దారి అయింది. ఆ దారిలోంచి పూల్‌సింగ్ గేటు తోసుకుని వచ్చాడు. కాపలావాడు ఆపబోయి ఆగిపోయాడు. ముసలాయన మెట్లెక్కి, గురవమ్మను దాటి, నేరుగా భద్రు కుర్చీ ముందు నిలబడ్డాడు.

"అన్నా," అన్నాడు. "పదకొండు రోజుల సంది సచ్చిన పిలగాన్ని తిట్టుకుంటున్న, ఎందుకెక్కినవురా మళ్ల అని. నా కండ్లల్ల చూసి చెప్పు. గా మాటన్నది నువ్వేనా?"